అర్థం ఒకటేగా... అనుకుంటే!

1990 జనవరి 25. రాత్రివేళ. న్యూయార్క్ మీద పొగమంచు, ఈదురుగాలి. కెనడీ విమానాశ్రయంలో దిగాల్సిన విమానాలు ఒకదాని వెనుక ఒకటి ఆకాశంలోనే చక్కర్లు కొడుతున్నాయి. వాటిలో కొలంబియా నుంచి వచ్చిన ఏవియాంకా 52 ఒకటి. బోయింగ్ 707 రకం విమానం. లోపల 158 మంది ఉన్నారు. దారిలో దాన్ని మూడుచోట్ల ఆపి, మొత్తం గంటా పదిహేడు నిమిషాల పాటు గాల్లోనే తిప్పారు. ట్యాంకుల్లో ఇంధనం అడుగంటుతోంది.

కో-పైలట్ కిందికి కబురు పంపాడు. తమకు ‘ప్రయారిటీ’ కావాలన్నాడు.

కింద ఉన్న కంట్రోలర్లు విన్నారు. పాపం, తొందరలో ఉన్నట్టున్నారు, వీలు చూసి దింపుదాం అనుకున్నారు. అంతే! ‘ఎమర్జెన్సీ’ అన్న మాట వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, మిగతా విమానాలన్నిటినీ పక్కకు తప్పించి దీనికి దారి వదలాలి. ప్రయారిటీ అంటే క్యూలో కాస్త ముందుకు జరపమని. ఎమర్జెన్సీ అంటే అసలు క్యూనే తీసేయమని!

మొదటి ప్రయత్నంలో గాలి తాకిడికి విమానం దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచింది. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ తమ భాషలో కో-పైలట్‌కి చెప్పాడు. ఆయన ఇంగ్లీషులో ఇంధనం అయిపోతోందని చెప్పాడే కానీ ఆ మాట మాత్రం పలకలేదు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. ఆయన లెక్కలో చెప్పినట్టే మరి! కాసేపటికి ఇంజిన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ అనే చోట గుట్ట మీద విమానం కూలింది. 73 మంది చనిపోయారు. మంటలు మాత్రం రాలేదు. మండటానికి ట్యాంకుల్లో ఏమీ మిగల్లేదు మరి.

దర్యాప్తు చేసినవాళ్లు ప్రధానంగా సిబ్బందినే తప్పుపట్టారు. ఇంధనం తక్కువగా ఉందని ఒకరు చెబితే అది ఏ స్థాయిలో తక్కువో రెండోవాళ్లకు తెలిసేలా స్థిరమైన మాటలు లేకపోవడమూ ఒక కారణమేనన్నారు. ఆ మాటలు అంతర్జాతీయ నిబంధనల్లోకి ఎక్కేసరికి 2012 వచ్చింది. ఇప్పుడు ‘మినిమమ్ ఫ్యూయెల్’ అంటే ఇంకే మాత్రం ఆలస్యమైనా కష్టమని ముందస్తు హెచ్చరిక. ‘మేడే ఫ్యూయెల్’ అని మేడేను మూడుసార్లు పలికి చెబితే ప్రాణాల మీదికి వచ్చిందని. మధ్యలో ఊహించుకోవడానికేమీ లేదు.

అంతకుముందు 1977 మార్చి 27న టెనరిఫ్ దీవిలో రన్‌వే మీదే రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయినప్పుడూ ఇలాంటి గొడవే. ‘టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అని ఒక పైలట్ అంటే, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడనుకున్నారు కింద. ఆయనేమో అప్పటికే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టేశాడు. అప్పట్నుంచీ విమానాల భాషలో ‘టేకాఫ్’ అన్న మాటను దాచిపెట్టి వాడుతున్నారు. ఎగరమని అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చింది రద్దు చేసేటప్పుడో తప్ప అది నోట రాకూడదు. మిగతా సందర్భాలన్నిటికీ ‘డిపార్చర్’. మామూలు మనుషులకు రెండూ బయల్దేరడమే!

మనవాళ్ల సంగతే చూడండి. ప్రయారిటీకి, ఎమర్జెన్సీకి మధ్య గోడ మన వాడుకలో ఏమంత ఎత్తు లేదు. ‘మాది కాస్త ముందు చూడండి సార్, ఎమర్జెన్సీ’ అని కులధ్రువీకరణ పత్రం కోసం కూడా అంటారు. విన్న గుమస్తా కూడా అది ఎమర్జెన్సీ అని అనుకోడు. కాబట్టి ఏ ప్రమాదమూ లేదు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లయినంత కాలం ఏ మాటైనా చెల్లిపోతుంది. ఇద్దరిలో ఒకరు పరాయివారైనప్పుడే చిక్కు.

సమానం గుర్తు చేసిన పని

ఇంగ్లీషు మాటలతో తెలుగువాళ్ల పరిచయం చాలామందికి ఒక నోట్‌బుక్‌లో మొదలవుతుంది. పేజీని మధ్యకు మడిచి గీత గీస్తారు. ఎడమవైపు వర్డు, కుడివైపు మీనింగు. మధ్యలో రెండు చిన్న గీతలు... సమానం గుర్తు. బారో అంటే అప్పు. లెండ్ అన్నా అప్పే. సే అంటే చెప్పు. టెల్ అన్నా చెప్పే. సీ, లుక్, వాచ్... మూడూ చూడు. బట్టీ పట్టిన పిల్లాడికి పదికి పది మార్కులొస్తాయి. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఎవరినైనా ఇంగ్లీషులో పెన్ను ఇమ్మని అడగబోయి, పెన్ను తీసుకోమన్నట్టుగా చెబుతాడు. మార్కులు వేసిన ఆ సమానం గుర్తు అప్పుడు పక్కన ఉండదు.

తప్పు పిల్లాడిదీ కాదు, తెలుగుదీ కాదు. ఈ తేడాలు తెలుగులో లేవా అంటే... బ్రహ్మాండంగా ఉన్నాయి. చెవిన పడితే హియర్. చెవి పెడితే లిసన్. కంటపడితే సీ. అటు చూపు తిప్పితే లుక్. కన్నేసి ఉంచితే వాచ్. ఇంత చక్కటి మాటలు ఇంట్లో రోజూ వినపడుతుంటే, నోట్‌బుక్‌లో మాత్రం ‘విను’, ‘చూడు’ అని ఒక్కో మాటతో సరిపెట్టేస్తున్నారు!

అసలు దగ్గర దగ్గర మాటల మధ్య తేడా పసిగట్టడంలో తెలుగువాడికి ఒకరు నేర్పాల్సిన పనేముంది? తాడు తెగుతుంది. కర్ర విరుగుతుంది. కుండ పగులుతుంది. చొక్కా చిరుగుతుంది. ఇంగ్లీషువాడు వీటిలో చాలావాటికి ‘బ్రేక్’ అని ఒకే మాట వాడేసి చేతులు దులుపుకుంటాడు. గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, కాళ్లు కడుగుతాం. వాళ్లకు అన్నీ ‘వాష్’. పొలంలో ఉంటే వడ్లు, బస్తాలో ఉంటే బియ్యం, కంచంలోకి వస్తే అన్నం. వాళ్లకు మూడూ ‘రైస్’. కర్రను తెగ్గొట్టాను అని మూడేళ్ల పిల్లాడు అంటే ఇల్లంతా నవ్వుతుంది, అమ్మ సరిదిద్దుతుంది. ఆ పిల్లాడికి ఎవరూ నోట్‌బుక్ ఇవ్వలేదు. తాడుతో పాటే తెగడం వచ్చింది, కుండతో పాటే పగలడం వచ్చింది.

గుండె, హృదయం... ఈ రెండిటినీ తీసుకోండి. అర్థం ఒకటే. కానీ ఆపరేషన్ చేసేది గుండెకే. శుభాకాంక్షలు చెప్పేది మాత్రం హృదయపూర్వకంగా. ‘గుండెపూర్వక అభినందనలు’ అని ఫ్లెక్సీ కడితే ఊరంతా వచ్చి చూసి పోతుంది. ఇల్లు కట్టుకుంటాం, గృహప్రవేశం చేస్తాం. నీళ్ల ట్యాంకు అంటాం, జలాశయం అంటాం. ఒకటి వంటింటి మాట, ఇంకొకటి పట్టుబట్ట కట్టుకొచ్చిన మాట. ఎక్కడ ఏది వాడాలో తెలుగువాడికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరిగింది. కాకపోతే సంస్కృతం బదులు అక్కడ ఫ్రెంచి.

ఒకే తల్లి పిల్లలు

1066లో నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండును గెలిచాడు. ఆ తర్వాత చాలాకాలం దొరలది ఫ్రెంచి, జనానిది ఇంగ్లీషు. పశువులను మేపేవాడిది ఒక భాష, వండించుకుని తినేవాడిది ఇంకో భాష. అందుకే దొడ్లో ఉన్నప్పుడు షీప్, పళ్లెంలోకి వచ్చాక మటన్. దొడ్లో పిగ్, పళ్లెంలో పోర్క్. మొదటిది ఇంగ్లీషు, రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది. వాల్టర్ స్కాట్ 1819లో వచ్చిన తన ‘ఐవాన్‌హో’ నవలలో ఈ సంగతిని పాత్రలతో చెప్పించాక ఇది లోకమంతటికీ తెలిసింది. మన దగ్గరికొచ్చేసరికి ఆ మటన్ కూడా మేకమాంసమైపోయిందనుకోండి, అది వేరే కథ!

ఇంకో తమాషా ఉంది. ఫ్రెంచిలోనే రెండు యాసలు. ఉత్తరాదివాళ్లు ‘వ’ అని పలికేచోట పారిస్ వైపువాళ్లు ‘గ’ అనేవాళ్లు. ఒకే మాట ఒకసారి ఆ యాసలో, ఇంకోసారి ఈ యాసలో ఇంగ్లీషులోకి వచ్చి చేరింది. అలా వార్డు ఒకటి, గార్డు ఒకటి అయ్యాయి. వార్డెన్ ఒకరు, గార్డియన్ ఒకరు అయ్యారు. పిల్లాణ్ని హాస్టల్లో చేర్పించే తండ్రి దరఖాస్తులో ఒకచోట గార్డియన్ అని తన పేరు రాసి, దాన్ని తీసుకెళ్లి వార్డెన్‌కు ఇస్తాడు. ఇద్దరి పేర్లకూ మూలం ఒకటే... కాపలా!

ఆ కవలల్లోనే ఇంకో జంట మన ఇళ్లలో బాగా తెలిసినదే. వారంటీ, గ్యారంటీ.

మిక్సీ కొన్నా, ఫ్రిజ్ కొన్నా మొదట అడిగేది ‘గ్యారంటీ ఎన్నాళ్లు?’ అనే. షాపతను ‘రెండేళ్లు వారంటీ ఉందండీ’ అంటాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఇద్దరూ తలూపుతారు, బిల్లు పడుతుంది. చెడిపోతే కొత్తది ఇస్తారని కొన్నవాళ్ల నమ్మకం. చెడిపోతే బాగుచేసిస్తామని అమ్మినవాళ్ల కార్డులో రాత. ఏడాది తిరక్కుండా మోటారు కాలిపోయినప్పుడు గానీ ఈ రెండూ వేర్వేరని బయటపడదు. చట్టంలో అయితే వారంటీ అన్నది చిన్న మాటే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఒప్పందంలోని మాటలను రెండు రకాలుగా విడదీసింది. ‘కండిషన్’ తప్పితే సరుకు వద్దని తిప్పికొట్టొచ్చు. ‘వారంటీ’ తప్పితే నష్టపరిహారం అడగొచ్చే కానీ సరుకు వెనక్కి ఇచ్చేయడం కుదరదు. దుకాణాల వాడుక మాత్రం ఈ లెక్కలు చూడదు. ఒకచోట వారంటీ కింద కొత్తదే ఇస్తారు, ఇంకోచోట గ్యారంటీ అని చెప్పి మెకానిక్‌ని పంపుతారు. కాబట్టి పైన ఏ మాట ఉందన్నది కాదు, కార్డు లోపల చిన్న అక్షరాల్లో ఏం చేస్తామన్నారో చదవాలి. అది చదివేవాళ్లెవరన్నది... ఎవరి ఇంటి సంగతి వారికే తెలియాలి!

ఒక్క సంతకమేగా బాబాయ్...

మిక్సీ పోతే పోయింది. గ్యారంటీ అనే మాట బ్యాంకులో ఎదురైనప్పుడు కొంపలు మునుగుతాయి.

‘బాబాయ్, చిన్న సంతకం పెట్టాలి. ఊరికే ఫార్మాలిటీ’ అంటూ అన్న కొడుకు వస్తాడు. అప్పు వాడిది, వ్యాపారం వాడిది. కాగితాల కట్టలో ఎక్కడెక్కడో పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉంటాయి. ‘దేనికిరా ఇది?’ అని అడిగితే ‘గ్యారంటర్‌గా బాబాయ్, సాక్షి సంతకం లాంటిదే’ అంటాడు. వాడు మోసం చేస్తున్నాడని కాదు, వాడికీ అంతే తెలుసు. పిన్ని లోపల్నుంచి ‘పెట్టెయ్యండి, పిల్లాడు అడుగుతున్నాడు’ అంటుంది. సంతకం పడుతుంది.

ఒకే కాగితం మీద నాలుగు రకాల సంతకాలుంటాయి. బారోయర్... అప్పు తీసుకున్నవాడు. కో-బారోయర్... వాడితో సమానంగా తొలిరోజు నుంచే అప్పున్నవాడు. గ్యారంటర్... వాడు కట్టకపోతే కడతానన్నవాడు. విట్‌నెస్... వీళ్లంతా సంతకాలు పెడుతుంటే చూసినవాడు. ఆ చివరివాడికి అప్పుతో సంబంధం లేదు. రేపు గొడవైతే ‘అవును, నా ఎదుటే సంతకం చేశాడు’ అని చెప్పడం వరకే అతని బాధ్యత. గ్యారంటర్‌ది అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో పూచీ పడినవాడికీ అంతే బాధ్యత. అసలు, వడ్డీ అన్నీ కలిపి!

‘ముందు వాడి దగ్గర వసూలు చేసుకోండి, మిగిలితే నా దగ్గరికి రండి’ అందామంటే అదీ కుదరదు. 1960ల చివర్లో బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. అప్పు తీసుకున్నవాడి ఆస్తి మీద పడి అన్ని దారులూ అయిపోయేదాకా బ్యాంకు ఆగాల్సిన పనిలేదు, నేరుగా హామీదారు దగ్గరికే రావచ్చు. కట్టేశాక ఆ డబ్బును అసలు అప్పుదారు నుంచి రాబట్టుకునే హక్కు మాత్రం చట్టం ఇచ్చింది. అన్న కొడుకు మీద కోర్టుకెక్కే బాబాయిలు ఎంతమంది ఉంటారన్నది వేరే విషయం.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, తెలుగులో ఈ రెండు మాటలకూ ఎప్పుడూ గందరగోళం లేదు. సాక్షి వేరు, జామీను వేరు. ‘బాబాయ్, నా అప్పుకు జామీను ఉంటావా?’ అని అడిగి ఉంటే ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేవాడు. పిన్ని వంటింట్లోంచి బయటికొచ్చేది. ‘పూచీ పడతావా?’ అన్నా అంతే. ఆ మాటల్లో బరువుంది. ఎవరో ఒకరు జామీను ఉండి పొలం పోగొట్టుకున్న కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, మాటతో పాటే ఆ కథా గుర్తొస్తుంది. గ్యారంటర్ అన్న మాటకు మన ఊళ్లో కథ లేదు. మిక్సీ మీద, టీవీ మీద చూసిన మాట. వినడానికి హాయిగా, నమ్మకంగా ఉంటుంది. భయపడాల్సిన చోట భయం వేయదు. పరాయి మాటతో ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే.

నామినీ విషయమూ ఇంతే. బ్యాంకు పుస్తకంలో, ఇన్సూరెన్స్ పాలసీలో నామినీ పేరు రాయగానే ‘నా తర్వాత ఇది వాళ్లది’ అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. నామినీ అంటే వారసుడు అనే అర్థం చెప్పుకోవడం వల్ల వచ్చిన నిశ్చింత అది. వారసుడికి ఇంగ్లీషులో ‘ఎయిర్’ అని వేరే మాట ఉంది. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడు. బ్యాంకు ఎవరికి ఇచ్చి చేతులు దులుపుకోవాలో చెప్పే పేరు అది. తీసుకున్నాక దాన్ని వారసులకు పంచాల్సిందే. ఇన్సూరెన్స్ డబ్బు గురించి 1980ల్లో, బ్యాంకు డిపాజిట్ గురించి 2010లో, షేర్ల గురించి 2023లో... సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ చెప్పింది ఇదే. జీవిత బీమాలో మాత్రం 2015లో చట్టం మార్చారు. భార్యనో, భర్తనో, పిల్లలనో, తల్లిదండ్రులనో నామినీగా రాస్తే ఆ సొమ్ము వాళ్లదే. మిగతా చోట్ల సొమ్ము ఎవరికి చెందాలో చెప్పాలంటే వీలునామా రాయాలి. పెళ్లికాకముందు ఉద్యోగంలో చేరిన రోజున అన్నయ్య పేరు రాసి, ఆ తర్వాత మార్చడం మర్చిపోయినవాళ్లు ఎందరో. ఆ ఇళ్లలో వదినగారికీ మరదలికీ మధ్య వచ్చే మాటపట్టింపుల వెనుక అసలు ముద్దాయి ఈ రెండు మాటల మధ్య తేడాయే.

పోలీసు, కోర్టు వార్తల్లో ఇలాంటివి కోకొల్లలు. అక్యూజ్డ్ అంటే నిందితుడు, కన్విక్ట్ అంటే దోషిగా తేలినవాడు. బెయిల్‌పై విడుదలైతే కేసు కొట్టేసినట్టు కాదు. నలుగురు కలిసి బెదిరించి దోచుకుంటే చట్టం దృష్టిలో ‘రాబరీ’. ఐదోవాడు చేరాడా... అది ‘డెకాయిటీ’. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న ఈ లెక్కను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంచారు. అన్నట్టు, డెకాయిటీ అన్న మాట మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్లింది.

ఆస్పత్రిలో ‘క్రానిక్’ అనగానే బెంబేలెత్తిపోతారు. నిజానికి ఆ మాట చెప్పేది జబ్బు తీవ్రతను కాదు, వయసును. చాలాకాలంగా ఉన్నది క్రానిక్, హఠాత్తుగా వచ్చినది ఎక్యూట్. ఐసోలేషన్‌కీ క్వారంటైన్‌కీ తేడా చెప్పమంటే 2020కి ముందు తెల్లమొహం వేసేవాళ్లమే. ఆ ఏడాది ఇంటింటికీ తెలిసొచ్చింది. జబ్బు ఉన్నవారిని విడిగా ఉంచితే మొదటిది, సోకిందేమోనన్న అనుమానంతో ఉంచితే రెండోది. ఒక్క వీధిలో నాలుగు ఇళ్లకు స్టిక్కర్లు పడేసరికి, ఏ ట్యూషనూ లేకుండానే అందరికీ వచ్చేసింది.

నవ్వేవాళ్లకో మాట

అలాగని ప్రతి తేడాకూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషులో తప్పు దొర్లిందంటే చాలు, పళ్లికిలించేవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు పట్టుకునే తప్పులేమో చాలావరకు ఎవరికీ నష్టం లేనివి. ‘లెస్’ అనాల్సింది కాదు, ‘ఫ్యూయర్’ అనాలి అంటారు. లెక్కపెట్టగలిగిన వాటికి ఫ్యూయర్, లెక్కకు రానివాటికి లెస్ అని సూత్రం. బాగానే ఉంది. కానీ తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషులోనే లెక్కపెట్టగలిగిన వాటికీ లెస్ వాడిన దాఖలాలున్నాయి. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన ‘ఫ్యూయర్ అంటే నాకు బాగుంటుంది’ అన్న తరహాలో ఓ అభిప్రాయం రాశాడు. అదే తర్వాత్తర్వాత సూత్రమై కూర్చుంది. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్లలో ‘పది వస్తువులు అంతకు తక్కువ’ అన్న కౌంటర్ బోర్డు మీద లెస్ ఉందని పండితులు గొడవపడితే, 2008లో వాళ్లు రెండూ మానేసి ‘పది వస్తువుల వరకు’ అని మార్చుకున్నారు. ఆ బోర్డు చదివి పదకొండో వస్తువు తెచ్చినవాడెవడూ వ్యాకరణం రాక తెచ్చి ఉండడు!

వ్యాకరణం తప్పినా విషయం అర్థమైతే పని జరుగుతుంది. పదం మారితేనే పని మారుతుంది. అమెరికా వెళ్లిన మన అమ్మాయి క్లాసులో లేచి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటుంది. ఇక్కడి కాలేజీలో అది వినయం. సందేహం అడగడం మంచి విద్యార్థి లక్షణం. అక్కడి ప్రొఫెసర్‌కి మాత్రం ‘మీరు చెప్పేది నాకు నమ్మబుద్ధి కావట్లేదు’ అన్నట్టు వినపడుతుంది. ఆయన మొహం ఎందుకలా మారిందో ఆ అమ్మాయికి అర్థం కాదు. ఆమె వ్యాకరణంలో ఒక్క తప్పూ లేదు. డౌట్ బదులు క్వశ్చన్ అని ఉంటే సరిపోయేది. దీన్ని ఎవరూ సరిదిద్దరు కూడా. వ్యాకరణం తప్పితే పరాయిదేశపు పిల్ల అని సర్దుకుంటారు. పదం తప్పితే పొగరనుకుంటారు.

పెట్రోలు ట్యాంకర్ వెనుక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. ముందు ‘ఇన్’ ఉంది కాబట్టి కాదు అని అర్థం, అంటే మండనిది అని ఎవరైనా అనుకుంటే? ఇంగ్లీషు పుట్టిన చోటే అలా అనుకునేవాళ్లున్నారు. ఈ ‘ఇన్’ లేదు, కాదు అనే ‘ఇన్’ కాదు. లాటిన్‌లో మంటపెట్టడం అనే మాటలో భాగంగా వచ్చింది. ఈ గొడవంతా ఎందుకని అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ కోసం పనిచేసేవాళ్లు 1920ల నుంచే ‘ఫ్లేమబుల్’ అని రాయమని పోరారు. పండితులు చెవులు కొరుక్కున్నా ఆ పోరు న్యాయమైనదే. ట్యాంకర్ పక్కన బీడీ వెలిగించబోయేవాడికి లాటిన్ వచ్చి ఉండాలని కోరుకోలేం కదా.

మరి నేర్చుకోవడం ఎలా? ఈ చిక్కు తెలుగువాళ్లకే కాదు, తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లకూ ఎదురైంది. కడపలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన మాటకు అర్థం ఇచ్చి ఊరుకోలేదు, జనం దాన్ని ఎలా వాడతారో చూపే వాక్యాలూ ఇచ్చాడు. ఇవ్వకపోతే కుదరదు మరి. ‘కొట్టు’ అంటే ‘బీట్’ అని రాసి వదిలేస్తే ఏ దొర బతికి బట్టకట్టగలడు? తలుపు కొడతాం, ఈల కొడతాం, గోడకు సున్నం కొడతాం, సైకిలుకు గాలి కొడతాం, పరీక్షలో కాపీ కొడతాం. ఇవేవీ చాలనట్టు చివరికి బోరు కూడా కొడుతుంది.

ఇంగ్లీషుకు ఆ పనిచేసినవాళ్లలో హార్న్‌బీ ముఖ్యుడు. జపాన్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, వాళ్లు ఎక్కడెక్కడ తడబడుతున్నారో చూసి, పరభాషవాళ్ల కోసమే ఓ నిఘంటువు తయారుచేశాడు. 1942లో జపాన్‌లోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉండే ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీకి అదే మూలం. అందులో అర్థం కింద వాలు అక్షరాల్లో ఉండే వాక్యాలే అసలు సరుకు. టీ స్ట్రాంగ్‌గా ఉంటుంది, కంప్యూటర్ పవర్‌ఫుల్‌గా ఉంటుంది, వాన హెవీగా ఉంటుంది. ఎందుకలా అంటే జవాబు లేదు. వాన జోరుగా ఎందుకు కురుస్తుంది, పేపర్లో వర్షం భారీగా ఎందుకు కురుస్తుంది అన్నదానికి జవాబుందా? పిల్లలు మాత్రం ఆ వాక్యాలు దాటేసి అర్థం ఎక్కించుకుని పుస్తకం మూసేస్తారు. మధ్యకు మడిచిన నోట్‌బుక్‌లో వాక్యానికి చోటెక్కడిది?

ఇప్పుడు అటు నుంచి ఇటు వచ్చే గొడవ మొదలైంది. అమెరికాలో పుట్టిన పిల్లలు వేసవి సెలవులకు ఇక్కడికి వస్తున్నారు. వాళ్ల నోట్‌బుక్‌లో ‘వీ’ అనే మాటకు ఒకటే అర్థం ఉంటుంది. తెలుగులోనేమో రెండు. ఎదుటివారిని కలుపుకొంటే మనం, కలుపుకోకపోతే మేము. ఓ ఇంట్లో పదేళ్ల మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి ‘అమ్మమ్మా, సాయంత్రం మేము సినిమాకి వెళ్తున్నాం’ అని సంబరంగా చెప్పింది. ‘వెళ్లిరండమ్మా’ అంది అమ్మమ్మ. అయిదున్నరకు కారెక్కాక మనవరాలు వెనక్కి తిరిగి చూసింది. అమ్మమ్మ ఇంట్లో చీరతోనే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతోంది. పిల్ల చేతిలో ఆమె పేరన తీసిన టికెట్ కూడా ఉంది.